ఫిఫ్త్ స్ట్రీట్‌లో ఒబాన్ ఆట

(బే ఏరియాలోని తెలుగు కుటుంబాల నెలవారీ కూడికలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. పిల్లలు కూడా చాలామంది వచ్చారు, చాలా సంతోషం.

ఈ నెల ఒబాన్ గురించి మాట్లాడతానని చెప్పగానే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "అమ్మా, మన కూడికలో జపాన్ వాళ్ల పండుగ ముచ్చట ఎందుకు?" అన్నారు. ఆయన ముందు వరసలోనే కూర్చున్నారు. బాబాయ్ గారూ, మీరు అడిగింది న్యాయమే. ఆ జవాబు ఒక్క ముక్కలో చెప్పగలిగితే ఫోన్‌లోనే చెప్పేదాన్ని.

శాన్ హోసే ఎయిర్‌పోర్టు మనందరికీ తెలుసు. దాని పూర్తి పేరులో నార్మన్ వై. మినెటా అని ఉంటుంది. పదేళ్లు ఆ బోర్డు కింద నుంచి కారు పోనిచ్చాను, ఆయన ఎవరని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ ఎయిర్‌పోర్టు నుంచి పది నిమిషాలు వెళితే జపాన్‌టౌన్ వస్తుంది. జాక్సన్ స్ట్రీట్, దానికి అడ్డంగా ఫిఫ్త్, సిక్స్త్ స్ట్రీట్లు. ఒకప్పుడు కాలిఫోర్నియాలో ఇలాంటి జపాన్ పేటలు పదుల కొద్దీ ఉండేవి. ఇప్పుడు మిగిలినవి మూడే: శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకటి, లాస్ ఏంజెలెస్‌లో లిటిల్ టోక్యో, మూడోది మన శాన్ హోసేది. పక్కనే ఉంటున్నాం కాబట్టి మనది అంటున్నాను.

ఆ ఫిఫ్త్ స్ట్రీట్‌లో పెద్ద చెక్క బౌద్ధాలయం ఉంది. 1902లో మొదలైన సంఘం వాళ్లది, ఇప్పుడున్న కట్టడం 1937 నాటిది. బోర్డు మీద మాత్రం బుద్ధిస్ట్ చర్చ్ అని ఉంటుంది. బౌద్ధానికి చర్చి ఏమిటని మొదటిసారి నేనూ అనుకున్నాను. దాని వెనక సంగతి కాసేపట్లో చెబుతాను.

ప్రతి జూలైలో ఒక శని, ఆదివారాలు ఆ వీధిని మూసేస్తారు. కాగితం లాంతర్లు వరసగా వేలాడదీస్తారు. వీధి మధ్యలో చెక్కతో ఎత్తైన మంచె కడతారు, దాన్ని యగురా అంటారు. మన చేల మీద కట్టే మంచె లాంటిదే, కాకపోతే అలంకరించి ఉంటుంది. సాయంత్రం ఎండ తగ్గాక ఆ మంచె చుట్టూ జనం ఆడతారు. పిల్లలు, తాతలు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, యుకతా అనే జపాన్ నూలు అంగీ కట్టుకున్నవాళ్లు, జీన్స్ వేసుకున్నవాళ్లు, అందరూ కలిపి వెయ్యి మందికి పైనే ఉంటారు. తిండి స్టాళ్లు, ఆటల స్టాళ్లు, ఇకెబానా పూల అమరికలు, బోన్సాయ్ చెట్లు, ఇవన్నీ ఉంటాయి. వాటి గురించి మీకు ఫోన్‌లో వీడియోలు దొరుకుతాయి. నేను ఆట గురించి చెబుతాను.

మొదటిసారి నేను వెళ్లింది కూడా చూడటానికే. ఫుట్‌పాత్ అంచున నిలబడి ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాను. ఎనభై దాటిన ఒక పెద్దావిడ వరసలోంచి బయటికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఫోన్ బ్యాగ్‌లో పెట్టుకో అన్నట్టు సైగ చేసి, తన ముందు చోటు ఖాళీ చేసి నన్ను అందులో నిలబెట్టింది. నాకు ఒక్క అడుగు కూడా రాదు అన్నాను. "ముందున్న వాళ్ల పాదాలు చూడు, మూడో రౌండ్‌కి వచ్చేస్తుంది" అంది. మూడో రౌండ్‌కి నిజంగానే వచ్చింది. నాకు రావడంలో గొప్పేమీ లేదు, ఆ ఆటని కట్టిందే అలా. ఒకే కదలికల వరస మళ్లీ మళ్లీ వస్తుంది. గుండ్రంగా తిరుగుతాం కాబట్టి ఎప్పుడూ ముందు ఎవరో తెలిసినవాళ్లు ఉంటారు. మన బతుకమ్మకి అలవాటైన కాళ్లకి ఇది కొత్త కాదు.

ఈ పండుగ పుట్టుక చెబుతాను. ఇక్కడే బాబాయ్ గారి ప్రశ్నకి సగం జవాబు ఉంది.

బుద్ధుడి శిష్యుల్లో మౌద్గల్యాయనుడు ఒకడు. జపాన్ వాళ్లు మొకురెన్ అంటారు. చనిపోయిన తన తల్లి ఎక్కడుందోనని ఆయన దివ్యదృష్టితో వెతికితే, ప్రేతలోకంలో ఆకలితో ఎముకల గూడులా కనిపించింది. అన్నం తీసుకెళ్లి పెట్టాడు. ముద్ద నోటి దాకా వచ్చేసరికి నిప్పు కణికలుగా మారిపోయింది. ఏడుస్తూ బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. వర్షాకాలం మూడు నెలలు ఒక్కచోట ఉండి దీక్ష ముగించే భిక్షువులకి, ఏడో నెల పౌర్ణమి రోజున భోజనం, దానాలు సమర్పించమని బుద్ధుడు చెప్పాడు. అలాగే చేశాడు, తల్లికి విముక్తి దొరికింది. ఆ సంతోషంలో మౌద్గల్యాయనుడు గంతులు వేశాడనీ, అదే బోన్ ఒదోరి ఆట అయ్యిందనీ చెప్పుకుంటారు. ఒదోరి అంటే నాట్యం. ఒబాన్ అన్న మాట మన ఉల్లంబన అన్న సంస్కృత పదం నుంచి వచ్చిందని అంటారు.

పితృపక్షాల్లో మనం పెద్దలకి పెట్టుకుంటాం. పోయినవాళ్ల ఆకలి, బతికున్నవాళ్లు పెట్టే అన్నం, ఈ ఆలోచన అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఒక తేడా మాత్రం నన్ను ఆపేసింది. మన ఇళ్లలో ఆ పదిహేను రోజులు శుభకార్యాలు చేయం, గొంతు తగ్గించి మాట్లాడతాం. వాళ్లు పోయినవాళ్ల పేరు మీద వీధిలోకి వచ్చి ఆడతారు. శాన్ హోసే ఆలయం జోదో షిన్షూ శాఖది. ఆ శాఖ వాళ్లు ఒబాన్‌ని కంగీయె అని కూడా అంటారు, సంతోషపు కూడిక అని దాని అర్థం. ఇంట్లో ఎవరైనా పోయాక వచ్చే మొదటి ఒబాన్‌ని హత్సుబోన్ అంటారు. ఆ ఏడాది ఆ కుటుంబం గుడిలో పూజకి కూర్చుంటుంది, సాయంత్రం వరసలోకి వస్తుంది. కళ్లు తుడుచుకుంటూ ఆడే మనుషుల్ని నేను అక్కడే మొదటిసారి చూశాను. ఎవరూ వాళ్లని ఆపి ఓదార్చరు. పక్కన నడుస్తారు, అంతే.

ఇంకొక సంగతి. ఈ శాఖ వాళ్లు గుడిలో షోషింగే అనే ప్రార్థన కలిసి చదువుతారు. 13వ శతాబ్దపు షిన్రాన్ అనే గురువు రాసినది. అందులో తమ దారి చూపిన ఏడుగురు ఆచార్యులకి నమస్కారం ఉంటుంది. భారతదేశం వాళ్లు ఇద్దరు, చైనా వాళ్లు ముగ్గురు, జపాన్ వాళ్లు ఇద్దరు. ఒకరోజు నేను వెనక వరసలో కూర్చుని, ఇంగ్లిష్ అర్థాలున్న పుస్తకం చేతిలో పట్టుకుని వింటున్నాను. "నాన్ తెన్‌జికు" అన్నారు. పుస్తకంలో చూస్తే దక్షిణ భారతం. ఆ వెంటనే "ర్యూజు" అన్నారు. ర్యూ అంటే నాగం, జు అంటే చెట్టు. అర్జునమంటే తెల్లమద్ది చెట్టు కదా. నాగార్జునుడు! దక్షిణ భారతంలో నాగార్జునుడు పుడతాడని బుద్ధుడు ముందే చెప్పాడని ఆ పాదాల అర్థం. ఏడుగురిలో మొదటివాడు ఆయనే.

మనకి నాగార్జున అంటే సాగర్ డ్యామ్, నాగార్జునకొండ. ఆ ఆచార్యుడు అక్కడి శ్రీపర్వతం మీద ఉన్నాడని మన నేల మీద తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. ఆ లోయ ఇప్పుడు కృష్ణ నీళ్ల కింద ఉంది. ఇక్కడ, కాలిఫోర్నియాలో, తెలుగు నేల పేరు కూడా వినని బామ్మలు ఏళ్ల తరబడి ఆయన పేరు పలుకుతూ వస్తున్నారు. ఆ రోజు గుడి బయట మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. బాబాయ్ గారూ, ఇది వాళ్ల పండుగా, మన పండుగా అని గీత గీయడం ఆ రోజు నుంచి నాకు కష్టమైపోయింది.

సరే, ఇప్పుడు చర్చి సంగతి, మినెటా సంగతి.

జపాన్ నుంచి 1890ల నుంచి ఈ లోయకి కూలీలు వచ్చారు. ఇప్పుడు మన ఆఫీసులున్న చోట అప్పుడు పండ్ల తోటలు. మొదటి తరాన్ని ఇస్సెయ్ అంటారు, వాళ్ల పిల్లలు నిసెయ్, మనవలు సాన్సెయ్. ఇస్సెయ్‌లకి ఇక్కడి పౌరసత్వం ఇవ్వలేదు, 1952 దాకా ఇవ్వలేదు. 1913లో కాలిఫోర్నియా చేసిన చట్టంతో వాళ్లకి సాగుభూమి కొనే హక్కు కూడా లేకుండా పోయింది. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లకేళ్లు నిలబడ్డ మనకి ఆ టెన్షన్ కొంచెం అర్థమవుతుంది. కొంచెమే అంటున్నాను. ఎందుకంటే తరవాత జరిగింది మన ఊహకి అందేది కాదు.

1941 డిసెంబర్‌లో అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ 9066 నంబర్ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. పశ్చిమ తీరంలో జపాన్ రక్తం ఉన్నవాళ్లందరినీ, దాదాపు లక్షా ఇరవై వేల మందిని, ఇళ్ల నుంచి తీసుకెళ్లి ముళ్లకంచెల వెనక పెట్టారు. మూడింట రెండు వంతుల మంది ఇక్కడ పుట్టిన అమెరికన్ పౌరులే. చేతులతో మోయగలిగినంతే తెచ్చుకోమన్నారు. శాన్ హోసే వాళ్లలో చాలామందిని ముందు శాంటా అనీటా గుర్రపు పందేల మైదానానికి పంపారు. అక్కడ కొన్ని కుటుంబాలు గుర్రాల కొట్టాల్లోనే నెలలు గడిపాయి. తరవాత వయోమింగ్‌లో హార్ట్ మౌంటెన్ క్యాంపుకి తరలించారు. చలికాలంలో సున్నాకి ఎంతో దిగువకి పోయే చోటు అది.

ఆ రైలెక్కిన వాళ్లలో పదేళ్ల నార్మన్ మినెటా ఉన్నాడు. కబ్ స్కౌట్ యూనిఫాం వేసుకుని, చేతిలో బేస్‌బాల్ బ్యాటు పట్టుకుని వచ్చాడు. ఆయుధంగా వాడొచ్చని ఆ బ్యాటు సైనికులు లాక్కున్నారు. ఆ పిల్లవాడే 1971లో శాన్ హోసే మేయర్ అయ్యాడు. కాంగ్రెస్‌కి వెళ్లాడు. ప్రభుత్వం ఆ తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పేలా, బతికి ఉన్న ఒక్కొక్కరికి ఇరవై వేల డాలర్లు ఇచ్చేలా 1988లో చట్టం వచ్చింది. దాని కోసం నిలబడి పనిచేసిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. 2022లో పోయారు. ఎయిర్‌పోర్టు మీద ఉన్న పేరు ఆయనది.

క్యాంపుల్లో ఏమున్నాయి? తారు కాగితం కప్పిన బ్యారక్‌లు, ఒక్కో గదికి ఒక్కో కుటుంబం, మెస్‌లో క్యూలు. అక్కడ కూడా వాళ్లు ఒబాన్ చేసుకున్నారు. దుమ్ములో గుండ్రంగా నిలబడి ఆడారు. ఆ ఫోటోలు మీరు చూడాలి. సితార్ మోసుకెళ్లలేం, వీణ మోసుకెళ్లలేం. మోయగలిగినంతే తెచ్చుకోమన్నప్పుడు ఆట బరువు తూగదు కదా. ఆ ఆటని ఈ దేశపు గుళ్లలో 1930లలో ఊరూరా తిరిగి నేర్పింది యోషియో ఇవనాగా అనే పూజారి. ఆయన ఎప్పుడో నేర్పిన అడుగులు క్యాంపుకి మనుషుల కాళ్లలో వెళ్లాయి, కాళ్లలోనే తిరిగొచ్చాయి.

ఇక చర్చి అన్న పేరు సంగతి. ఈ శాఖ గుళ్లన్నిటికీ కలిపి ఉన్న సంస్థ ఇంగ్లిష్ పేరు బుద్ధిస్ట్ చర్చెస్ ఆఫ్ అమెరికా అని మారింది కూడా క్యాంపులోనే, 1944లో, యూటాలోని టోపాజ్‌లో. మేమూ ఈ దేశం వాళ్లమే అని చెప్పుకోవాల్సిన రోజులు అవి. యుద్ధం తరవాత వాళ్లు తిరిగొచ్చేసరికి చాలామందికి ఇల్లూ లేదు, పొలమూ లేదు. చాలా బౌద్ధాలయాలు వాళ్లకి హాస్టళ్లుగా మారాయి. హాల్లో పరుపులు వేసుకుని పడుకున్నారు. ఇప్పుడు మనం క్యూలో నిలబడి టెరియాకీ చికెన్ తినే చోటుకి ఆ చరిత్ర ఉంది. ఇది తెలియకుండా లాంతర్ల కింద సెల్ఫీ దిగి వచ్చేయొచ్చు. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. తెలిశాక మాత్రం కాళ్లు వేరేగా పడతాయి.

డోళ్ల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. పిల్లలకి ఇది నచ్చుతుంది.

టైకో అంటే డోలు. జపాన్‌లో మంచి టైకోని పెద్ద చెట్టు మొద్దుని లోపల తొలిచి చేస్తారు. ధర విని వెనక్కి తిరగాల్సిందే. 1960ల చివర, 70ల మొదట్లో ఇక్కడి సాన్సెయ్ కుర్రకారుకి డోళ్లు కావాలి, డబ్బుల్లేవు. కాలిఫోర్నియాలో దండిగా దొరికేది ఏమిటి? వాడి పారేసిన వైన్ పీపాలు. ఆ పీపాలని సాపు చేసి, నానబెట్టిన ఆవు తోలు కప్పి, కింద కారు జాకీలు పెట్టి ఎత్తుతూ తోలుని బిగదీసి, చుట్టూ మేకులు కొట్టారు. కారు టైరు మార్చే జాకీ! ఆ డోలు మోత ఇప్పుడు అమెరికా టైకో మోత అయ్యింది. శాన్ హోసే టైకో బృందం 1973లో ఆ బౌద్ధాలయం కుర్రాళ్లతోనే మొదలైంది. రాయ్ హిరబయాషి, పీజే హిరబయాషి దంపతులు దాన్ని దశాబ్దాల పాటు నడిపారు. 2011లో ఈ దేశం జానపద కళాకారులకి ఇచ్చే పెద్ద గౌరవం, నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్, వాళ్లకి వచ్చింది. మొదటి నుంచీ ఆ బృందంలో ఆడవాళ్లు ముందు నిలబడి వాయించారు.

వాళ్ల అమ్మానాన్నలు క్యాంపు గురించి ఇంట్లో నోరెత్తేవాళ్లు కాదు. పిల్లలు అడిగితే మాట మార్చేవాళ్లు. అలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లు డోలు ఎత్తుకున్నారు. ఆ మోత వింటే గుండె అదరడానికి తోలు ఒక్కటే కారణం కాదని నేను నమ్ముతాను.

తోలు అన్నాను కాబట్టి ఒక మాట. జపాన్‌లో తోలు పని చేసి, డోళ్లు తయారుచేసి ఇచ్చిన వాళ్లని ఊరు దూరంగా పెట్టింది. వాళ్లని బురాకుమిన్ అంటారు. 1871లో ప్రభుత్వం ఆ తేడాని కాగితం మీద రద్దు చేసింది. పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగాల దగ్గర అది ఆ తరవాత కూడా చాలాకాలం బతికింది. ఒసాకాలో డోళ్లు చేసే నానివా పేట కుర్రాళ్లు 1987లో సొంత టైకో బృందం పెట్టుకున్నారు. దానికి పెట్టుకున్న పేరు ఇకారి, అంటే కోపం. తరాలుగా డోళ్లు చేసిన పేటలో, వాయించడం మొదలుపెట్టింది వాళ్లు. ఇది చదివినప్పుడు మా ఊరి డప్పు గుర్తొచ్చింది. చావుకీ, జాతరకీ డప్పు లేకుండా జరగదు, కొట్టిన మనిషికి మాత్రం అరుగు మీద చోటు ఉండదు. నా చిన్నప్పుడు నేను చూసిన దృశ్యం అది, చదివింది కాదు. మన పండుగ వేడుకల్లో డప్పు పెట్టినప్పుడు ఆ సంగతి పిల్లలకి చెబుదాం. చెప్పకుండా మోత ఒక్కటే వినిపించడం నాకు నచ్చదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

మాది ఇల్లందు. సింగరేణి పుట్టిన ఊరు. మా నాన్న బొగ్గుబాయిలో కోల్‌ఫిల్లర్. తట్టా చెమ్మస్ పని. చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి తట్టలో పోయడం, తట్ట ఎత్తి టబ్బులో పోయడం. మొదటి షిఫ్టుకి వెళ్లి వస్తే స్నానం చేసినా కంటి అంచున కాటుక గీసినట్టు బొగ్గు ఉండేది. నేను ఇక్కడికి వచ్చిన ఎనిమిదో ఏడు నాన్న పోయారు. టికెట్ దొరికి ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. మీలో కొందరికి ఈ బాధ తెలుసు.

ఆ మరుసటి జూలైలో పెద్దావిడ నన్ను ప్రాక్టీసుకి రమ్మంది. ఒబాన్‌కి ముందు కొన్ని వారాలు సాయంత్రం పూట గుడి దగ్గర అడుగులు నేర్పిస్తారు. ఎవరైనా వెళ్లొచ్చు. ఆ రోజు నాకు తన పాత యుకతా కట్టింది. నేను కుడి అంచు పైకి వేసుకున్నాను. తను చటుక్కున ఆపి, విప్పి, ఎడమ అంచు పైకి వచ్చేలా మళ్లీ కట్టింది. కుడి పైకి వస్తే అది చనిపోయినవాళ్లకి కట్టే తీరు అంది. నడుము దగ్గర ముడి వేసి, రెండు చేతులతో నా భుజాలు దులిపి, "ఇప్పుడు బాగుంది" అంది. మా అమ్మ ఓణీ సర్ది దులిపినట్టే దులిపింది.

తరవాత ఒక పాట పెట్టారు. తాంకో బుషి. జపాన్‌లో ఫుకుఒకా వైపు బొగ్గుగనుల్లో పుట్టిన పాట. తాంకో అంటే బొగ్గుగని అని నాకు అప్పటికి తెలియదు. పాటలో చంద్రుడు వస్తాడు. మీఇకే గని మీద చంద్రుడు వచ్చాడట, పొగగొట్టం అంత ఎత్తుంటే పాపం చంద్రుడికి పొగ కమ్మదా అని పాడతారు. మొదట చప్పట్లు. తరవాత రెండు చేతులతో కుడి పక్కకి వంగి ఏదో తవ్వినట్టు రెండుసార్లు, ఎడమ పక్కకి రెండుసార్లు. తరవాత భుజం మీదుగా వెనక్కి విసిరినట్టు. అప్పుడు నా చేతులు ఆగిపోయాయి. పక్కావిడని అడిగాను ఇదేంటని. "బొగ్గు తవ్వి, భుజం మీద వేసుకుంటున్నాం" అంది. ఆ తరవాత ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి వెనక్కి అడుగేస్తూ చంద్రుణ్ణి చూడటం. ఆ తరవాత రెండు అరచేతులు ముందుకి పెట్టి తొయ్యడం. అది బొగ్గు బండి. మా నాన్న టబ్బు.

నాన్న పనిని నేను ఒక్కరోజు కూడా కళ్లతో చూడలేదు. బాయి లోపలికి మమ్మల్ని రానివ్వరు. నలభై ఏళ్ల వయసులో, ఫిఫ్త్ స్ట్రీట్‌లో, ఆ పని ఎలా ఉంటుందో నా భుజాలకి మొదటిసారి తెలిసింది. వెయ్యి మంది ఒక్కసారిగా బొగ్గు తవ్వుతున్నారు, ఒక్కసారిగా టబ్బు తోస్తున్నారు. వాళ్లలో చాలామంది బొగ్గుగని మొహం చూసి ఉండరు. నాన్నకి మేం పెట్టిన పిండం కన్నా ఆ సాయంత్రమే నేను ఆయనకి దగ్గరగా ఉన్నాననిపించింది. ఇది తప్పు మాట అయితే పెద్దలు క్షమించాలి. ఉన్నదే చెబుతున్నాను.

ఆ తరవాత చదువుకున్నాను. ఆ వైపు గనుల్లో ఒకప్పుడు మొగుడు బొగ్గు తవ్వితే పెళ్లాం దాన్ని లాక్కెళ్లేది, ఇద్దరూ లోపలికి కలిసి దిగేవాళ్లు. సకుబెయ్ యమమోతో అనే గని కార్మికుడు అరవై దాటాక బొమ్మలు గీయడం మొదలుపెట్టి ఆ బతుకంతా కాగితం మీద పెట్టాడు. 2011లో యునెస్కో ఆ బొమ్మల్ని ప్రపంచ స్మృతుల జాబితాలో చేర్చింది. మీఇకేలో 1963 నవంబర్ 9న పేలుడు జరిగి 458 మంది చనిపోయారు. 1997లో ఆ గని మూతపడింది. గని పోయింది, ఆ పనిలో చేతులు ఎలా కదిలేవో పోలేదు. ఇల్లందులో తట్టా చెమ్మస్ పని కూడా యంత్రాలొచ్చి పోయింది. దాన్ని మా పిల్లలకి చూపించడానికి నా దగ్గర ఏముంది? ఇదొక్కటే ఉంది, అదీ జపాన్ వాళ్లు ఇచ్చినది.

శాన్ హోసే వాళ్లు పాతవి ఆడటంతో ఆగలేదు. 1994లో పీజే హిరబయాషి కొత్త ఆట ఒకటి కట్టారు, ఎయ్ జా నాయ్ కా అని. ఇస్సెయ్ కూలీల పనులు, పొలం, గని, వల, అందులో కదలికలు అయ్యాయి. తాతల పనిని మనవరాలి తరం ఆట చేసింది. మనం ఇక్కడికి వచ్చి చేసిన పనిని మన మనవలు ఆటగా కడితే అందులో ఏ కదలిక పెడతారో, నేను అప్పుడప్పుడు ఆలోచిస్తాను.

మన బతుకమ్మ సంగతికి వస్తాను, ఇది నొప్పి కలిగించినా చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒకచోట బతుకమ్మకి వెళ్లాను. హాల్లో స్టేజీ, స్టేజీ మీద ప్రాక్టీసు చేసిన బృందం, ఎదురుగా రెండు వందల కుర్చీలు. పేర్చి తెచ్చిన బతుకమ్మలు ఒక మూల బల్ల మీద పోటీకి పెట్టారు. మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. రెండు పాటలయ్యేదాకా కుర్చీలో కూర్చుని, "మనం ఎప్పుడు ఆడతం బిడ్డా?" అని అడిగింది. ఆడకుండానే ఇంటికొచ్చాం. కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు. మరుసటి జూలైలో ఆమెని ఫిఫ్త్ స్ట్రీట్‌కి తీసుకెళ్లాను. భాష రాదు, పాట తెలియదు. పది నిమిషాలు చూసి చెప్పులు సర్దుకుని వరసలోకి వెళ్లిపోయింది. రాత్రి లాంతర్లు ఆర్పేదాకా బయటికి రాలేదు.

బే ఏరియా గుళ్లు ఒబాన్‌ని ఒకే వారం పెట్టుకోవు. ఒక్కో ఊరిది ఒక్కో వారం, జూన్ చివర నుంచి ఆగస్టు దాకా. ఒక ఊరి వాళ్లు ఇంకో ఊరికి వెళ్లి ఆడటానికి అలా కుదుర్చుకున్నారు. మనకి ఎన్ని సంఘాలున్నా బతుకమ్మ అంతా ఒకే శనివారం పెట్టుకుంటాం, జనం చీలిపోతారు. ఈ ఒక్క ఏర్పాటు మనం వచ్చే ఏడాదికే చేసుకోవచ్చు. కమిటీలో ఉన్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, అందుకే మైకులో చెబుతున్నాను.

టైమ్ అయిపోయిందని చెయ్యి చూపిస్తున్నారు. ఐదు నిమిషాలు ఇవ్వండి. ప్రశ్నలు భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.

కుర్చీలు గోడలకి జరపండి. పిల్లలూ, మీరు సాయం పట్టండి. చెప్పులు పక్కన పెట్టినా, పెట్టకపోయినా పర్వాలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీని మధ్యలోకి తెచ్చుకుని కూర్చునే చేతులు కదపండి, అక్కడ కూడా అలాగే చేస్తారు. అందరం గుండ్రంగా, కుడి భుజం లోపలికి. బాబాయ్ గారూ, మీరు నా వెనక నిలబడండి, నా పాదాలు చూడండి. మూడో రౌండ్‌కి వచ్చేస్తుంది.

ముందు చప్పట్లు. ఇప్పుడు కుడి పక్కకి వంగండి. తవ్వండి, తవ్వండి. ఎడమ పక్కకి. తవ్వండి, తవ్వండి. భుజం మీద వేసుకోండి. ఇంకో భుజం. వెనక్కి అడుగు, చెయ్యి నుదుటి మీద, అదిగో చంద్రుడు. ఇప్పుడు టబ్బు. తొయ్యండి.